చివరి ఆయకట్టుకు నెట్ అందాలంటే

200 ఎంబీపీఎస్ ప్లాను తీసుకున్న ఒక కోచింగ్ సెంటర్‌లో స్పీడ్ టెస్టు ఎప్పుడు చేసినా 94 దగ్గరే ఆగిపోతోందని అనుకుందాం. పొద్దున 94, మధ్యాహ్నం 94, ఊరంతా నిద్రపోయిన అర్ధరాత్రి కూడా 94. కంపెనీ లైనులో రద్దీ ఉంటే అంకె ఇలా ఉండదు. ఒకసారి 30, ఒకసారి 150 అంటూ ఊగుతుంది. గీత గీసినట్టు ఒకే చోట ఆగిందంటే, దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్‌కు మించి పోనివ్వని ఇరుకు ఉందని అనుమానించాలి. ఆ 100లో ఐదారు పాళ్లు ప్రతి డేటా మూటకూ తగిలించే చిరునామాలకు, మూటకూ మూటకూ మధ్య విరామానికి ఖర్చవుతాయి కాబట్టి చేతికి దక్కేది 94. ఆ ఇరుకు చాలాసార్లు గోడ లోపలే దొరుకుతుంది. ఒక లైనును చాలా కంప్యూటర్లకు పంచే పాత నెట్‌వర్క్ స్విచ్ కావచ్చు, తెగిన ఒక్క తీగ కావచ్చు, తొందరలో బిగించిన కనెక్టర్ కావచ్చు.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసే నల్లగొండ రైతుకు ఇది తెలియని కథ కాదు. ప్రధాన కాలువ నిండుగా పారుతుంటుంది, తూము దగ్గర నీటిమట్టం లెక్క ప్రకారమే ఉంటుంది, అయినా చివరి ఆయకట్టు మడిలో నెర్రెలు కనిపిస్తాయి. పూడిక, గండి, వాలు తప్పిన తవ్వకం, ఎవరో మధ్యలో వేసిన అడ్డుకట్ట, కారణం ఏదైనా అది పిల్లకాలువలోనే ఉంటుంది. నెట్‌వర్కుదీ అదే తీరు. కంపెనీ ఫైబర్ వచ్చి మోడెమ్‌లో దిగేవరకు ఒక లెక్క, అక్కడి నుంచి కంప్యూటర్ వరకు ఇంకో లెక్క. మొదటిదాన్ని చూసుకోవడానికి జీతాలు తీసుకునే సిబ్బంది ఉంటారు. రెండోదాన్ని చూసుకోవలసింది ఆ ఇంటివాళ్లే, లేదా వాళ్లు పిలిపించిన ఎలక్ట్రీషియన్. చిక్కు అక్కడే మొదలవుతుంది. కరెంటు పనిలో రెండు తీగల కొనలు గట్టిగా తగిలితే బల్బు వెలుగుతుంది, పని అయిపోయినట్టే. డేటాకు అది చాలదు. తీగను ఎలా పేనారు, ఎంత దూరం లాగారు, దేని పక్క నుంచి తీసుకెళ్లారు, కొన దగ్గర ఎంత మేర విప్పారు అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి.

పెట్టెల సంగతి

గోడకు తగిలించి ఉండే పెట్టెను అందరూ మోడెమ్ అనే అంటారు. నిజానికి అందులో నాలుగు పనిముట్లు కాపురం చేస్తుంటాయి. ఫైబర్‌లో వచ్చే వెలుతురును విద్యుత్ సంకేతంగా మార్చే భాగం ఒకటి. ఇంటి లోపలి నెట్‌వర్కుకూ బయటి ఇంటర్నెట్‌కూ మధ్య గుమ్మంలా నిలబడి దారి చూపే రౌటర్ రెండోది. వెనకవైపు వరుసగా కనిపించే రంధ్రాలు, అంటే పోర్టులు, ఒక చిన్న స్విచ్. నాలుగోది వైఫై. ఇంటికి ఇది సరిపోతుంది. పది కంప్యూటర్ల సైబర్ సెంటరుకో, నలభై కంప్యూటర్ల కాలేజీ ల్యాబుకో విడిగా స్విచ్‌లు కావాలి.

స్విచ్ విలువ తెలియాలంటే దానికి ముందు వాడిన హబ్‌ను తలచుకోవాలి. హబ్ అంటే డప్పు చాటింపు. ఒక్కరికి చెప్పాల్సిన మాటను ఊరంతా వినేలా చెబుతుంది. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే రెండు మాటలూ పాడవుతాయి. స్విచ్ పోస్ట్‌మన్ లాంటిది. నెట్‌వర్కుకు తగిలించే ప్రతి పరికరానికీ తయారీలోనే 48 బిట్ల మ్యాక్ అడ్రస్ ఒకటి ఉంటుంది. ఏ పోర్టు వెనక ఏ అడ్రస్ ఉందో స్విచ్ పట్టిక రాసుకుని, ఎవరి ఉత్తరం వాళ్ల గుమ్మానికే చేరుస్తుంది. కొత్త అడ్రస్ ఎదురైతే మాత్రం అది కూడా ఒకసారి డప్పు కొడుతుంది. జవాబు ఏ పోర్టు నుంచి వచ్చిందో చూసి, ఇక గుర్తుపెట్టుకుంటుంది.

ఈ డప్పు గుణం వల్లే ఒక వింత ప్రమాదం ఉంది. ల్యాబు ఊడ్చేటప్పుడు ఊడిపోయిన కేబుల్‌ను ఎవరో మంచి మనసుతో ఖాళీగా కనిపించిన పోర్టులో గుచ్చుతారు. రెండో కొస కూడా అదే స్విచ్‌లో ఉందని వారికి తెలియదు. అంతే, ఒక్క చాటింపు ఆ చుట్టులో తిరిగి తిరిగి లక్షలుగా పెరుగుతుంది. అన్ని లైట్లూ ఒకే లయలో పిచ్చిగా కొట్టుకుంటాయి, ఒక్క కంప్యూటరూ పని చేయదు. రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజినీరు 1985లోనే దీనికి స్పానింగ్ ట్రీ అనే విరుగుడు కనిపెట్టారు. చుట్టు ఏర్పడితే స్విచ్‌లే తమలో తాము మాట్లాడుకుని ఒక దారిని మూసేస్తాయి. కాకపోతే చిన్న పట్టణాల దుకాణాల్లో దొరికే చవక స్విచ్‌లలో సాధారణంగా ఈ తెలివి ఉండదు. అక్కడ మందు ఒక్కటే, కేబుళ్లను ఒక్కొక్కటిగా పీకి చూడటం.

ఇంకో అలవాటు గురించి చెప్పుకోవాలి. ఎనిమిది పోర్టుల స్విచ్ నిండగానే ఐదు పోర్టులది ఇంకోటి తెచ్చి దాని తోకకు కడతారు, తర్వాత దాని తోకకు మరొకటి. చివరి స్విచ్ వెనకున్న నలుగురూ బయటికి వెళ్లాలంటే ఆ ఒక్క కేబులే దిక్కు. గొలుసు మధ్యలో పదేళ్ల కిందటి 100 ఎంబీపీఎస్ స్విచ్ ఒక్కటి దూరినా, దాని వెనకున్న వారందరికీ 94 ఖాయం. పెద్ద స్విచ్ ఒకటి మధ్యలో పెట్టి అందరికీ నేరుగా కేబుల్ లాగడం ఖర్చుగా కనిపిస్తుంది కానీ, తర్వాత వెతుకులాట తప్పుతుంది.

పేనిన తీగ

ఇప్పుడు అసలు సంగతి, కేబుల్. 1973లో జెరాక్స్ సంస్థ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్ కంప్యూటర్లను తీగతో కలిపే ఈథర్‌నెట్ పద్ధతి ఆలోచనను కాగితం మీద పెట్టినప్పుడు అది నడిచింది టీవీ కేబుల్ తరహా కోయాక్సియల్ తీగ మీద. ఒకే తీగకు కంప్యూటర్లన్నీ వేలాడేవి. రెండు చివర్లా సంకేతం వెనక్కి తన్నకుండా ఆపే టెర్మినేటర్ బిగించాలి. ఒక్క జాయింటు వదులైతే వరుస మొత్తం పడిపోయేది. 1990లో 10 ఎంబీపీఎస్ వేగంతో జత తీగల మీద ఈథర్‌నెట్ ప్రమాణం రావడంతో ఆ బాధ తప్పింది. ప్రతి కంప్యూటర్‌కూ విడి కేబుల్, మధ్యలో హబ్. ఒకటి తెగితే ఆ ఒక్కటే ఆగుతుంది. 1995లో 100, 1999లో 1000 ఎంబీపీఎస్ వచ్చాయి. వేగం వంద రెట్లు పెరిగినా కేబుల్ రూపం అదే, ఎనిమిది తీగలు, నాలుగు జతలు.

ఆ జతలను పేనడం అందం కోసం కాదు. 1881లోనే గ్రాహం బెల్ టెలిఫోన్ తీగల కోసం ఈ ఉపాయానికి పేటెంట్ తీసుకున్నాడు. తాడును బలం కోసం పేనుతారు, డేటా తీగను నిశ్శబ్దం కోసం పేనుతారు. ఒక జతలోని రెండు తీగల మీద ఒకే సంకేతం ఎదురెదురు రూపాల్లో వెళుతుంది. పక్కనున్న మోటారు నుంచో ట్యూబ్‌లైటు చోక్ నుంచో వచ్చే రొద, తీగలు ఒకదానికొకటి చుట్టుకుని ఉండటం వల్ల రెండింటి మీదా దాదాపు సమానంగా పడుతుంది. అవతలి కొసన పరికరం ఆ రెండింటి తేడాను మాత్రమే చదువుతుంది. సమానంగా పడిన రొద తీసివేతలో సున్నా అయిపోతుంది, అసలు సంకేతం మిగులుతుంది. నాలుగు జతలనూ నాలుగు రకాల బిగువుతో పేనడం వెనక కూడా కారణం ఉంది. మెలికలన్నీ ఒకే కొలతలో ఉంటే పక్క జతల మాటలు ఒకదాంట్లోకి ఒకటి దూరుతాయి. క్యాట్ 5ఈ, క్యాట్ 6 అనే కేబుల్ రకాల మధ్య తేడాలో పెద్ద భాగం ఈ పేనడంలోని శ్రద్ధే. మొదటిది 100 మెగాహెర్ట్‌జ్ వరకు, రెండోది 250 వరకు పరీక్షకు నిలుస్తాయి. 1000 ఎంబీపీఎస్‌ను రెండూ 100 మీటర్లు మోయగలవు. 10 జీబీపీఎస్, అంటే 10,000 ఎంబీపీఎస్ కావాలంటే క్యాట్ 6తో దాదాపు 55 మీటర్లు, క్యాట్ 6ఏ అయితే పూర్తి 100 మీటర్లు.

ఇంత జాగ్రత్తగా పేనిన తీగను కనెక్టర్ బిగించే మనిషి రెండు అంగుళాల మేర విప్పేస్తే పేనినవాడి కష్టం అక్కడికక్కడే పోతుంది. విప్పాల్సింది అర అంగుళమే, అంటే 13 మిల్లీమీటర్లు.

రంగుల వరుస గురించి ఇక్కడ కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది దాన్ని ఆచారంగా చూస్తారు తప్ప కారణం అడగరు. కనెక్టర్‌లో తీగలు పెట్టడానికి ‘ఎ’, ‘బి’ అని రెండు వరుసలు ఉన్నాయి. ‘బి’ వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ‘ఎ’ వరుసలో నారింజ, ఆకుపచ్చ జతలు స్థానాలు మార్చుకుంటాయి. నారింజ రెండూ పక్కపక్కన, గోధుమ రెండూ పక్కపక్కన ఉన్నాయి కదా, ఆకుపచ్చ మాత్రం 3, 6 స్థానాల్లో చీలిపోయి నీలం జతను మధ్యలో ఎందుకు పెట్టుకుంది? టెలిఫోన్ ఎప్పుడూ మధ్య రెండు పిన్నుల మీదే నడిచింది. పాత ఫోను వైరింగ్‌తో పొత్తు కుదిరేందుకు ఆ 4, 5 స్థానాలను ఒకే జతకు వదిలేశారు. మిగిలిన జత దాని చుట్టూ చీలాల్సి వచ్చింది. ఇప్పుడా ల్యాండ్‌లైన్లు చాలా ఇళ్లలో లేవు, వాటి కోసం చేసిన సర్దుబాటు మాత్రం ప్రతి కేబుల్ కొసనా మిగిలి ఉంది.

ఈ కారణం తెలియని మనిషి సులువైన వరుస పెడతాడు. నారింజ జత, ఆకుపచ్చ జత, నీలం జత, గోధుమ జత. రెండు కొసలా అదే వరుస. టెస్టర్ పెడితే ఒకటి నుంచి ఎనిమిది వరకు లైట్లు చక్కగా వెలుగుతాయి, ఎందుకంటే చవక టెస్టర్ చూసేది ఈ కొస పిన్ను ఆ కొస పిన్నుకు చేరిందా అన్నదొక్కటే. కానీ పరికరం 3, 6 పిన్నులను ఒక జతగా వాడుతుంది. ఈ కేబుల్‌లో ఆ రెండు తీగలూ వేర్వేరు జతలవి, ఒకదానితో ఒకటి పేనుకోలేదు. రొద సమానంగా పడదు, తీసివేత కుదరదు. రెండు మీటర్ల ముక్కలో తేడా తెలియకపోవచ్చు. నలభై మీటర్లు లాగాక నెట్ వస్తూ పోతూ ఉంటుంది, అందరూ కంపెనీని తిడతారు. రెండు కొసలూ ఒకేలా ఉంటే ఏ వరుసైనా ఒకటే అన్న మాట ఈ పనిలో వినిపించే అబద్ధాల్లో అతి ఖరీదైనది.

మొదట్లో చెప్పిన 94 అంకెకు ఇంకో మూలం కూడా ఇక్కడే ఉంది. 100 ఎంబీపీఎస్‌కు 1, 2, 3, 6 పిన్నులు, అంటే రెండు జతలు చాలు. 1000కి నాలుగు జతలూ కావాలి. నీలం జతలోనో గోధుమ జతలోనో ఒక్క తీగ కనెక్టర్ లోపల సరిగా గుచ్చుకోకపోతే చాలా పరికరాలు గొడవ చేయకుండా 100కి దిగిపోతాయి. లైటు వెలుగుతూనే ఉంటుంది. చాలా స్విచ్‌లలో 1000కి ఒక రంగు, 100కి మరో రంగు లైటు ఉంటుంది. కంపెనీకి ఫోను చేసే ముందు ఆ రంగు చూస్తే సగం రోగం బయటపడుతుంది.

బ్లేడుతో గీకి చూడాలి

కేబుల్ కొనడంలో జరిగే మోసం కూడా చిన్నది కాదు. 305 మీటర్ల పెట్టె పక్కపక్క దుకాణాల్లో బాగా తేడా ధరలకు దొరికితే, తక్కువ ధర పెట్టెలో ఉన్నది రాగి పూత పూసిన అల్యూమినియం కావడానికి అవకాశం ఎక్కువ. దీన్ని సీసీఏ అంటారు. రాగితో పోలిస్తే అల్యూమినియం విద్యుత్తును దాదాపు అరవై శాతమే మోస్తుంది. ఈథర్‌నెట్ కేబుల్ ప్రమాణాలు స్వచ్ఛమైన రాగినే ఒప్పుకుంటాయి. అలాంటప్పుడు సీసీఏ పెట్టె మీద క్యాట్ 6 అని రాయడమే తప్పు. కొన్నప్పుడు పెట్టె తేలికగా అనిపిస్తుంది, తీగను నాలుగైదుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది. బ్లేడుతో గీకితే ఎర్రటి పూత కింద తెల్లటి లోహం కనిపిస్తుంది. పైన తెల్లగా ఉండి గీకితే లోపల ఎరుపు వస్తే మాత్రం కంగారు పడక్కర్లేదు, అది తగరం పూసిన మంచి రాగి.

సీసీఏ బండారం కెమెరాల దగ్గర బయటపడుతుంది. ఇప్పుడు సీసీ కెమెరాలకు విడిగా కరెంటు తీగ లాగడం తగ్గింది. డేటా కేబుల్‌లోనే కరెంటు పంపే పీఓఈ పద్ధతి వచ్చింది. 2003 నాటి మొదటి ప్రమాణంలో స్విచ్ ఒక్కో పోర్టుకు 15.4 వాట్లు ఇవ్వగలదు, 2009లో అది 30, 2018లో 90 వాట్ల వరకు పెరిగింది. పగలంతా బాగా పనిచేసే కెమెరా చీకటి పడగానే ఆగి ఆగి మొదలవుతుంటే, చాలామంది కెమెరానే మారుస్తారు. రాత్రి చూపు కోసం కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగి ఎక్కువ కరెంటు అడుగుతాయి. అడ్డు ఎక్కువున్న సీసీఏ తీగలో వోల్టేజి దారిలోనే పడిపోతుంది. కొత్త కెమెరా వచ్చినా కొత్త చీకటి రాక తప్పదు.

ఎండ, మిల్లు, పిడుగు

పుస్తకాల్లో రాసి ఉండే 100 మీటర్ల లెక్కకు ఒక షరతు ఉంది. అది 20 డిగ్రీల గది ఉష్ణోగ్రతకు చెప్పిన మాట. అందులో 90 మీటర్లు గోడలో కదలకుండా ఉండే కేబుల్, మిగతా 10 రెండు చివర్లా వాడే పొట్టి కేబుళ్లు, అంటే ప్యాచ్ కార్డులు. నల్లగొండలో మే నెల ఎండ 44 డిగ్రీలు దాటడం వింత కాదు. రేకుల షెడ్డు కింద, రేకుకు ఆనుకుని పోయే కేబుల్ అంతకన్నా ఎక్కువ కాగుతుంది. ఉష్ణోగ్రత పెరిగితే సంకేతం మరింత బలహీనపడుతుంది. లోహపు తొడుగు (షీల్డు) లేని కేబుల్‌కు 20 నుంచి 40 డిగ్రీల మధ్య డిగ్రీకి 0.4 శాతం, 40 నుంచి 60 మధ్య 0.6 శాతం చొప్పున నష్టం పెరుగుతుందన్నది ప్రమాణాల లెక్క. 60 డిగ్రీలకు చేరేసరికి మొత్తం 20 శాతం. అంటే గోడలో 90 మీటర్లు అనుకున్నది 75 దగ్గరే ఆపుకోవాలి. జనవరిలో వేసి, పరీక్షించి, బాగుందని సంతకం పెట్టించుకున్న లైను మే నెల మధ్యాహ్నం మొరాయిస్తే అందులో మాయ ఏమీ లేదు.

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లాంటి చోట ఇవన్నీ ఒకేసారి ఎదురవుతాయి. గేటు దగ్గర వే బ్రిడ్జి కాంటా గది, లోపల ఆఫీసు, వాటి మధ్య ధాన్యం ఆరబోసే కల్లం, వెనక మిల్లు షెడ్డు. కాంటా మీద లారీ బరువు ఆఫీసు కంప్యూటర్‌కు చేరాలి. దూరం 150 మీటర్లు ఉంటుంది. మధ్యలో ఒక స్విచ్ పెడితే లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది కానీ, ఆ స్విచ్‌ను ఎక్కడ పెడతారు? ఊక దుమ్ములోనా, ఎండలోనా? పైగా మిల్లులో పెద్ద త్రీఫేజ్ మోటార్లు, వాటి వేగాన్ని మార్చే డ్రైవ్‌లు ఉంటాయి. మోటారు కేబుల్ పోయే పైపులోనే డేటా కేబుల్‌ను కూడా దూర్చి పైపు ఖర్చు మిగిల్చామనుకుంటారు. కరెంటు తీగతో సమాంతరంగా ఎంత దూరం నడిస్తే అంత రొద అంటుకుంటుంది. దూరంగా నడపాలి, దాటక తప్పని చోట అడ్డంగా, లంబకోణంలో దాటించాలి.

దానికన్నా పెద్ద సమస్య నేల కింద ఉంది. ఈ ప్రాంతంలో చాలాచోట్ల మూడు, నాలుగు అడుగులు తవ్వితే గ్రానైటు రాయి. ఎండాకాలంలో మట్టి ఎండిపోయి ఎర్తింగ్ గుంత పేరుకే ఉంటుంది. అందుకే బొగ్గు, ఉప్పు వేయడం, వేసవిలో బిందెడు నీళ్లు పోయడం. ఆఫీసుకు ఒక ఎర్తింగ్, మిల్లు షెడ్డుకు మరో ఎర్తింగ్ ఉంటే రెండింటి మధ్య వోల్టేజి తేడా వస్తుంది. రెండు భవనాలనూ రాగి కేబుల్‌తో కలిపితే ఆ తేడా కేబుల్ చివర ఉన్న పోర్టుల మీద కూర్చుంటుంది. ఈథర్‌నెట్ పోర్టులోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ 1500 వోల్టుల పరీక్షకు నిలిచేలా తయారవుతుంది కాబట్టి మామూలు రోజుల్లో నెట్టుకొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివానతో దగ్గర్లో పిడుగు పడినప్పుడు దాని బలం చాలదు. స్విచ్‌తో పాటు నాలుగు కెమెరాలు, ఒక కంప్యూటర్ మదర్‌బోర్డు కలిసి పోతాయి.

భవనానికి భవనానికి మధ్య ఫైబర్ వేయడమే దీనికి సరైన జవాబు. రెండు చివర్లా విద్యుత్ సంకేతాన్ని వెలుతురుగా, వెలుతురును సంకేతంగా మార్చే చిన్న మీడియా కన్వర్టర్లు పెడితే చాలు. గాజు కరెంటును మోయదు. 150 మీటర్లు దానికి దూరమే కాదు. మోటారు రొద దాన్ని తాకదు. ఒక్క జాగ్రత్త, గాలిలో వేలాడదీసే ఫైబర్‌కు బలం కోసం పక్కనే ఉక్కు తీగ ఉంటుంది. దాన్ని ఇంట్లోకి తీసుకురాకుండా బయట కొక్కెం దగ్గరే ఆపేయాలి. లేకపోతే గాజు ఆపిన పిడుగును ఉక్కు లోపలికి పిలుస్తుంది.

గాజు దారం

ఫైబర్ అనగానే చాలామందికి అర్థమయ్యేది వేగం. ఈ ప్రాంతంలో దాని కథ తవ్వకంతో మొదలవుతుంది. దేశంలో ఎక్కడెక్కడో కాలువలకు, ఆనకట్టలకు మట్టి మోసింది పాలమూరు లేబర్. దూర ప్రాంతాల ఫైబర్‌ను 165 సెంటీమీటర్ల లోతున డక్టులో, అంటే గొట్టంలో వేయాలన్న నియమం బీఎస్ఎన్ఎల్‌ది. నల్లమట్టి నేలలో అది సాధ్యం. రాయి తగిలిన చోట లోతు తగ్గించి ఇనుప పైపు తొడగడమో కాంక్రీటు పోయడమో చేయాలి. ఖర్చులో పెద్ద వాటా గాజుది కాదు, గుంతది. అందుకే ఒకసారి తవ్విన గుంతను రెండు పనులకు వాడుకోవాలన్న ఆలోచన తెలంగాణ ప్రభుత్వ ఫైబర్ పథకం టీ-ఫైబర్‌కు పునాది అయింది. ఫ్లోరైడ్ నీటితో నలిగిన నేల మీద, చౌటుప్పల్‌లో 2015 జూన్‌లో పైలాన్ ఆవిష్కరించిన మిషన్ భగీరథ మంచినీటి పైపుల కందకాల్లోనే ఫైబర్ డక్టు కూడా వేయడం ఆ పథకం. నీళ్లూ డేటా ఒకే గుంతలో పోవడం బాగానే ఉంది. పైపు లీకైందని జేసీబీ తెచ్చినప్పుడు మాత్రం రెండూ ఒకేసారి బయటికి వస్తాయి.

ఆ దారంలో వెలుతురు నడిచే గాజు గుండె 9 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), చుట్టూ తొడుగుతో కలిపి 125 మైక్రాన్లు. ఇళ్లకు వచ్చే జీపాన్ పద్ధతిలో ఒకే ఫైబర్ వెలుతురును వీధిలోని స్ప్లిటర్ 32 ఇళ్లకో, 64 ఇళ్లకో పంచుతుంది. 2.5 జీబీపీఎస్ దాకా ఉండే సామర్థ్యాన్ని వాళ్లంతా కలిసి వాడుకుంటారు. రెండుగా పంచిన ప్రతిసారీ వెలుతురు బలం సగమవుతుంది, లెక్కలో 3 డెసిబెల్స్ తగ్గుతాయి, 32గా పంచితే కనీసం 15. కిలోమీటరు దూరానికి పోయేది 0.35 డెసిబెల్ మాత్రమే. కాబట్టి ఊరికి దూరంగా ఉన్నాం, అందుకే సిగ్నల్ తక్కువ అనే మాట ఫైబర్ విషయంలో అంతగా నిలవదు. దుమ్ము పట్టిన ఒక కనెక్టర్, తలుపు సందులో నలిగిన ఒక వంపు రెండు మూడు కిలోమీటర్ల దూరం కన్నా ఎక్కువ తినేస్తాయి. మోడెమ్ మీద ఎల్ఓఎస్ లైటు ఎర్రగా వెలిగితే వెలుతురు చేరడం లేదని అర్థం. అలాంటప్పుడు ఫైబర్ కొస ఊడదీసి వెలుతురు కనిపిస్తుందేమో అని కంటికి దగ్గరగా పెట్టి చూడకూడదు. ఆ వెలుతురు కంటికి కనిపించదు, కన్ను మాత్రం దెబ్బతినవచ్చు. ఆకుపచ్చ కనెక్టర్‌ను నీలం కనెక్టర్‌కు బలవంతంగా కలపడం ఇంకో పొరపాటు. ఆకుపచ్చదాని గాజు మూతి ఏటవాలుగా, నీలందాని మూతి దాదాపు సమంగా చెక్కి ఉంటాయి. రెండూ పూర్తిగా ఆనవు, వెలుతురు సందులో పోతుంది.

కోతుల సంగతి ఏ పాఠ్యపుస్తకమూ రాయదు. స్తంభాల మీదుగా వేలాడుతూ ఇంటికి దిగే డ్రాప్ కేబుల్ వాటికి ఊయల. వేసవిలో తిండి వెతుక్కుంటూ ఊళ్లోకి వచ్చిన మంద ఒక సందు దాటిందంటే, సాయంత్రానికి ఆ సందులో సగం ఇళ్లకు ఎర్ర లైటే. ఎలుకలు, ఉడుతలు పైకప్పులో చేసే పని నిదానంగా ఉంటుంది కానీ కొరకడంలో వాటికీ లోటు లేదు. ఇంటి ముందు చివరి పది అడుగులైనా గోడ వెంట పైపులో దించితే ఎంతో కొంత నయం.

వైఫై గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. గద్వాల, వనపర్తి పాత ఇళ్ల రెండడుగుల రాతి గోడల ముందు ఏ యాంటెన్నా అయినా తల వంచాల్సిందే. 5 గిగాహెర్ట్‌జ్ వేగం ఎక్కువ కానీ గోడ దాటే బలం తక్కువ, 2.4 దానికి తిరగబడిన రకం. పెట్టెను ఇనుప బీరువా మీద, నీళ్ల ట్యాంకు పక్కన పెట్టకుండా ఇంటి నడిమధ్యన పెట్టడం, పై అంతస్తుకు రిపీటర్ కొనే బదులు కేబుల్ లాగి అక్కడ ఇంకో వైఫై పెట్టడం, ఈ రెండింటితో చాలావరకు సరిపోతుంది.

మిగిలింది కేబుల్ కొసల మీద నంబర్లు. ఇరవై నాలుగు కేబుళ్లు స్విచ్‌లు ఉండే బీరువాలోకి, అంటే ర్యాక్‌లోకి దిగిన చోట ఏది ఏ గదిదో వేసిన మనిషికి ఆ రోజు బాగానే గుర్తుంటుంది. రెండేళ్ల తర్వాత అతను హైదరాబాద్‌లో ఇంకో పనిలో ఉంటాడు, ఇక్కడ ఒక్క కేబుల్ కోసం ఇరవై నాలుగూ పీకుతారు. ప్రతి కేబుల్‌కూ రెండు కొసలా ఒకే నంబరు కట్టి, ఆ నంబర్లతో గదుల నక్షా ఒకటి గీసి ర్యాక్ తలుపు లోపలివైపు అతికించాలి. గోడ మీద రాస్తే మళ్లీ రంగులు వేయించేదాకే ఉంటుంది.